ఈసారి బస ఎక్కడో టైలరమ్మ చెప్తుంది

ఆ ఇంట్లో తెల్లారిందంటే ముందు వినపడేది కుట్టుమిషను చప్పుడు. టీ గిన్నెల చప్పుడు ఆ తర్వాతే. ముందు గదే షాపు, ముందు గదే హాలు. గోడకి వేలాడే చొక్కాల మధ్యలోంచి తలొంచుకుని వెళ్తే గానీ వంటింట్లోకి దారి దొరకదు. వీధి వీధంతా ఆమెని టైలరమ్మ అనే పిలుస్తుంది. అసలు పేరు రేషన్ కార్డు మీద ఉంటే ఉండాలి.

ఆ రోజు మాత్రం మిషను మూత తియ్యలేదు. తియ్యడానికి లేదు మరి. కత్తిరింపుల బల్ల నిండా ఆయనగారు రోడ్ల మ్యాపు పరిచేశారు.

ఆయనగారంటే టైలరమ్మ భర్త. ఉద్యోగమున్నన్నాళ్ళూ రంగుల కంపెనీ తరఫున ఊరూరూ తిరిగి ఆర్డర్లు తెచ్చిన మనిషి. రిటైరైనా రంగులాయన అనే పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. రోడ్ల ఊసెత్తితే చాలు, ఆయన ముందు ఇంకెవరూ నోరు తెరవకూడదు. ఏ మలుపు దగ్గర గుంత ఉందో, ఏ ఊళ్ళో పెట్రోలు బంకు ఉందో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు.

ఈ ప్రయాణం వాళ్ళ కూతురి ఆలోచన. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఆ పిల్ల. ఎవరో ఎక్కడో ఇరుక్కుపోయారని పండగనక పబ్బమనక ఫోన్లు వస్తూనే ఉంటాయి. దొరక్క దొరక్క వారం రోజులు సెలవు దొరికింది, కొత్తగా కారు కొంది. అమ్మానాన్నల్ని ఎక్కించుకుని సముద్రం ఒడ్డునే పోయి, అక్కణ్ణుంచి కొండలెక్కి నేషనల్ పార్కు చూసి రావాలని సరదా పడింది. టైలరమ్మ సముద్రాన్ని చూసిందంటే చూసింది, బస్సు కిటికీలోంచి. అడవినైతే అదీ లేదు.

భార్య గుడ్డల మీద గీసుకునే సుద్దముక్క తీసుకుని రంగులాయన మ్యాపు మీద గుండ్రాలు చుడుతున్నాడు.

"ఇదిగో, మొదటి రాత్రి మా చెల్లాయి ఇంట్లో. రెండో రాత్రి మా బాబాయి కొడుకింట్లో. మూడో రాత్రి మా కంపెనీ రంగులమ్మే పాత స్టాకిస్టు దగ్గర. అటు వెళ్ళి కూడా వాడింట్లో పడుకోకపోతే నన్ను బతకనివ్వడు."

"నాన్నా, అత్తయ్య ఊరు సముద్రం పక్కన ఉందా? రెండు గంటలు లోపలికి పోవాలి, మళ్ళీ రెండు గంటలు వెనక్కి రావాలి" అంది కూతురు.

"అయితే ఏం? రోడ్డు అద్దంలా ఉంటుంది."

"మనం వెళ్ళేది రోడ్డు చూడ్డానికా? మరి సముద్రం ఎప్పుడు చూస్తాం?"

"మధ్యాహ్నం. ఈ వంతెన ఎక్కగానే కుడిచేతి వైపు కనపడుతూనే ఉంటుంది. కావాలంటే కాస్త మెల్లగా పోనీ."

"పార్కో?"

"పార్కుకేం భాగ్యం! గేటు దగ్గర దిగుదాం, ఫొటో తీసుకుందాం, పొద్దుగూకేలోపు స్టాకిస్టు ఇంటికి చేరిపోదాం. లోపలికెళ్తే ఏముంటుందే, చెట్లేగా!"

కూతురు నెత్తి కొట్టుకుంది. టైలరమ్మ టీ గ్లాసులతో వంటింట్లోంచి వచ్చింది. గ్లాసులు పెడదామంటే బల్ల మీద చోటు లేదు. మిషను మీద పెట్టింది.

"అందరికీ ఫోన్లు కూడా చేసేశానోయ్. ఎగిరి గంతేశారనుకో" అన్నాడాయన భార్యతో, పతకం గెలిచొచ్చినవాడిలా.

అనడమే తడవు ఫోను మోగింది. ఆయన చెల్లెలే. రంగులాయన స్పీకరు నొక్కాడు.

"అన్నయ్యా, వదిన ఉందా? వదినా! నువ్వొస్తున్నావని మిషను కిందికి దించి నూనె పోయించా. ఇల్లు మొత్తానికీ కర్టెన్లకి గుడ్డ తెచ్చి పెట్టాను. ఎక్కువేం లేవులే, కిటికీలూ తలుపులూ అంతే. భోజనాలయ్యాక నువ్వొక్కసారి కూర్చున్నావంటే తెల్లారేసరికి అయిపోతాయి. నీ చెయ్యి పడితే ఆ అందమే వేరు!"

"అలాగేనమ్మా" అంది టైలరమ్మ. ఎప్పుడూ అనే మాటే. నోటికి అలవాటైపోయింది.

ఫోను పెట్టేశాక ఆమె మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. భుజం మీది టేపు తీసి చుట్టచుట్టి డ్రాయరులో పెట్టింది. ఆ తర్వాత మామూలు గొంతుతోనే అంది.

"నేను రానండీ. మీరిద్దరూ వెళ్ళిరండి."

"ఏమైందిప్పుడు? ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది. నాకు రావాలని లేదు."

"అదేం మాటే! పిల్ల ఇంత సరదా పడితే! నలుగురికీ చెప్పాక ఇప్పుడు రానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అంతే, టైలరమ్మకి ఎక్కడో తెగింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెరగడం కూతురు ఎప్పుడూ విన్లేదు. ఆ రోజు పక్కింటివాళ్ళు కూడా విన్నారు.

"మీ మొహం సంగతి సరే, నా చేతుల సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? మీకది చుట్టాలిల్లు. నాకది బ్రాంచి షాపు! మీరు వరండాలో కాళ్ళు చాపుకుని కబుర్లాడతారు. నేను లోపల గదిలో, దీపం కింద, వాళ్ళ చిరుగులు కుడుతూ కూర్చుంటాను. పోయినసారి మీ బాబాయి కొడుకింట్లో ఏం చేశానో తెలుసా? పిల్లల స్కూలు బట్టలన్నీ పొడుగు దింపాను. అంతకుముందు మీ స్టాకిస్టు వాళ్ళ దిండు గలీబులు. మీరు పొద్దున్నే లేచి 'నిద్ర బాగా పట్టింది, ఇంకో రోజుందామా' అంటారు! ఊరెళ్ళొచ్చానని వీధిలో అందరూ అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు నాకు. ఇక్కడ కుట్టాను, అక్కడ కుట్టాను, వచ్చి మళ్ళీ ఇక్కడ కుడుతున్నాను."

"అడిగినప్పుడు కాదనొచ్చుగా!"

"ఎలా కాదంటాను? మీ వాళ్ళ ఇంట్లో, వాళ్ళ అన్నం తింటూ? అదే ఏ లాడ్జిలోనో దిగితే ఈ బాధే ఉండదుగా!"

రంగులాయన సుద్దముక్క బల్ల మీద పడేశాడు. ఆయన గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది.

"లాడ్జీల్లో ఏముందనే నీకంత మోజు? సగం జీవితం వాటిల్లోనే పడుకున్నాను నేను. చీకటి పడ్డాక గదికొచ్చి తాళం తీస్తే, తిన్నావా అని అడిగే దిక్కుండదు. జ్వరమొచ్చి మూలుగుతున్నా గోడలే వినాలి. అప్పుడే అనుకున్నాను, ఉద్యోగం అయిపోయాక ఇంక ఒక్క రాత్రి కూడా లాడ్జిలో పడుకోను, మనుషులున్న ఇంట్లోనే పడుకుంటానని."

టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆయన ఈ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఆమె తగ్గలేదు.

"మిమ్మల్నెవరూ అడగలేదని మీ బాధ. నన్నెవరూ అడగని గదిలో పడుకోవాలని నా ఆశ. వదినా అని పిలవకూడదు, అమ్మా అని పిలవకూడదు, టైలరమ్మా అని తలుపు కొట్టకూడదు. నాకు మెలకువ వచ్చినప్పుడే లేవాలి. ఒక్కటంటే ఒక్క పొద్దు చాలండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను ఎవరో ఒకరు లేపుతూనే ఉన్నారు."

రంగులాయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మ్యాపు బల్ల మీదే ఉండిపోయింది. కూతురు తల్లి పక్కన చేరి భుజం మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు చుట్టాలిళ్ళలో మిషను చప్పుడు జోలపాటలా వింటూ నిద్రపోయేది తను. ఆ చప్పుడు అమ్మ కాళ్ళలోంచి వస్తోందన్న సంగతి ఎప్పుడూ తట్టనే లేదు. ఏడుపొచ్చింది ఆ పిల్లకి. ఏడ్చింది కూడా.

రంగులాయన వీధి చివర టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. మనసులో చెల్లెలి ఇంటికి వెళ్ళాడు, బాబాయి కొడుకింటికి వెళ్ళాడు, స్టాకిస్టు ఇంటికి వెళ్ళాడు. ప్రతి ఇంట్లోనూ తను ఏ మంచం మీద పడుకున్నాడో, కిటికీ ఏ పక్కనుందో అన్నీ గుర్తున్నాయి. భార్య ఎక్కడ పడుకుందో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆమె పడుకుని ఉండగా తను చూసిన ఇల్లు ఒక్కటీ లేదు. టీ గ్లాసు అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు.

వచ్చి సుద్దముక్క భార్య చేతిలో పెట్టాడు.

"ఈసారి బస ఎక్కడో నువ్వే చెప్పు. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతాం."

"వెటకారమా?"

"వెటకారమైతే ఒట్టు. చెప్పు."

టైలరమ్మ కాసేపు మ్యాపుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. గుడ్డ కత్తిరించే ముందు చూసే చూపే అది. తర్వాత అరచేత్తో ఆయన చుట్టిన గుండ్రాలన్నీ తుడిచేసింది.

"పెద్ద ముక్కలు ముందు పరుచుకోవాలి. చిన్నవి మిగిలిన చోట సర్దుకోవాలి. మీరేమో జేబులూ కాలర్లూ ముందు కత్తిరించేసి, ఒంటికి గుడ్డ చాల్లేదంటున్నారు. మనకి పెద్ద ముక్కలేమిటి? సముద్రం, అడవి. ఏమే, ఆ పార్కులో రాత్రి ఉండనిస్తారా?"

"లోపల గెస్టుహౌసు ఉందమ్మా. కాకపోతే చీకటి పడకముందే గేటు వేసేస్తారు" అంది కూతురు, ఫోన్లో వెతుకుతూ.

"ఆ కొండ దారి ఎంతసేపు?"

"మలుపులెక్కువ. పొద్దున ఎక్కితే చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. చీకట్లో అయితే జంతువులు అడ్డమొస్తాయని బళ్ళు ఆపేస్తారట."

"అయితే సముద్రం దగ్గర పొద్దున బయల్దేరి ఒక్క రోజులో పోలేం. కొండ కింద ఏదైనా ఊళ్ళో ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే ఎక్కాలి. ఏవండీ, కొండ కింద ఊరేది?"

అంత గొడవయ్యాక కూడా రోడ్డు సంగతి అడిగేసరికి ఆయన మొహం విప్పారింది. "ఉంది, మంచి ఊరు! బస్టాండు ఎదురుగా శుభ్రమైన లాడ్జి. మేడమీది గదే అడగాలి, కింద దోమలు" అన్నాడు గబగబా. అన్నాక తన నోట లాడ్జి మాట వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు. తల్లీకూతుళ్ళు పడీపడీ నవ్వారు.

మొదటి రెండు రాత్రులు సముద్రం ఒడ్డున, తర్వాతది కొండ కింద, ఆ పైన రెండు రాత్రులు అడవిలో. కూతురు చకచకా గదులు ఖాయం చేసేసింది. చుట్టాలకి ఫోన్లు చెయ్యడం మిగిలింది. బాబాయి కొడుకూ స్టాకిస్టూ "పోన్లే, ఇంకోసారి" అనేశారు. ఆడపడుచుకి తనే చెప్తానంది టైలరమ్మ. ఫోను అందుకుని నంబరు నొక్కింది.

"అమ్మాయ్, ఈసారి మీ ఇంటికి రావడం లేదు. సముద్రం ఒడ్డున గది తీసుకున్నాం. కర్టెన్లు కూడా కుట్టలేను. నాకు నిద్ర కావాలి."

అవతల గొంతు బిరుసెక్కింది.

"అంటే మా ఇల్లు పనికిరాలేదన్నమాట. సరే వదినా, పెద్దవాళ్ళయిపోయారు. కానివ్వండి" అని టప్పున ఫోను పెట్టేసింది ఆడపడుచు.

టైలరమ్మ మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళ బంధుత్వం గుడ్డముక్కలా చిరిగిపోయిందనిపించింది. "పోనీ ఒక్క రాత్రి వాళ్ళింట్లో..." అంది, నసుగుతూ.

"కుదరదు. టైలరమ్మ బస చెప్పేసింది. మా చెల్లెలు అలిగితే నేను పడతాను" అన్నాడు రంగులాయన. అనడం గట్టిగానే అన్నాడు గానీ, లోపల ఆయనకీ పీకుతూనే ఉంది.

బయల్దేరారు. రంగులాయన చెప్పిన వంతెన ఎక్కగానే కుడిచేతి వైపు సముద్రం కనపడింది. "మెల్లగా పోనివ్వనా?" అని కూతురు తండ్రిని చూసి కన్ను గీటింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విననట్టు నటించాడు.

గదికి చిన్న బాల్కనీ, ఎదురుగా నీళ్ళే నీళ్ళు. టైలరమ్మ లోపలికి అడుగుపెడుతూనే దుప్పటి అంచు పట్టుకుని చూసి "ఈ కుట్టు వంకర పోయింది" అంది. వెంటనే నాలిక కరుచుకుని "పోతే పోయింది, నాకెందుకు?" అని దాన్ని వదిలేసి మంచం మధ్యలో మఠం వేసుకుని కూర్చుంది. రాణీగారు కూర్చున్నట్టు కూర్చుందంటే నమ్మండి.

ఎండ చల్లబడ్డాక ముగ్గురూ ఇసకలోకి దిగబోతుంటే, బస్సు దిగి చేతిసంచితో వస్తున్న మనిషి కనపడింది. ఆడపడుచు! టైలరమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఇంత దూరం పోట్లాటకి వచ్చిందంటే ఈవిడ తాడోపేడో తేల్చుకోకుండా వెళ్ళదు. రంగులాయన గబుక్కున భార్యకి అడ్డంగా నిలబడ్డాడు.

"చూడు చెల్లాయ్, ఏమైనా ఉంటే నన్నను. మీ వదిన జోలికి రాకు."

"నువ్వు తప్పుకో అన్నయ్యా" అని ఆయన్ని పక్కకి నెట్టి, వదిన ఎదురుగా నిలబడిందావిడ.

"వదినా, మీ గదిలో నాక్కూడా కాస్త చోటుందా?"

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

"కోపమొచ్చింది. అబద్ధమెందుకు, ఒళ్ళు మండిపోయింది. మీరు రావట్లేదని తెలిసి కూడా అలవాటు కొద్దీ పరుపులు ఎండలో వేశాను, గిన్నెలన్నీ దించాను. సగంలో గుర్తొచ్చింది, ఎవరూ రావట్లేదుగా అని. మెట్ల మీద కూర్చున్నాను. నిన్ను తిట్టుకుందామని కూర్చుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను వదినా! మీరొస్తున్నారంటే నాలుగు రోజుల ముందు నుంచే నడుం విరిగేలా చాకిరీ. మీరు వెళ్ళాక రెండ్రోజులు మంచం దిగలేను. నువ్వు మిషను మీదా, నేను పొయ్యి దగ్గరా. ఇన్నేళ్ళలో మనిద్దరం కూర్చుని ఒక్క మాటైనా మాట్లాడుకున్నామా?"

"ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పొచ్చావ్?" అంది టైలరమ్మ, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

"వదిన రమ్మందని చెప్పా. వంట మీరే చూసుకోండన్నా."

"నేనెప్పుడు రమ్మన్నానే?"

"అనేదానివేగా! కాస్త ముందొచ్చాను, అంతే. బస ఎక్కడో నా మేనకోడలు చెప్పింది."

కూతురు ఏమీ ఎరగనట్టు అలల కేసి చూసింది. వదినా ఆడపడుచూ ఒకరినొకరు కావలించుకుని ఇసకలో నిలబడి భోరుమన్నారు. ఏడుపయ్యాక చేతులు పట్టుకుని నీళ్ళలోకి పరిగెత్తారు. మోకాళ్ళ నొప్పులని మొన్నటిదాకా మూలిగినవాళ్ళే! అల వచ్చి ఇద్దర్నీ పడేస్తే లేచి మళ్ళీ దాన్ని తిట్టుకుంటూ ఎదురెళ్ళారు.

ఆ పూట రంగులాయన గదిలో ఒంటరిగా కూర్చుని పాత రోజులు తలుచుకుందామనుకున్నాడు గానీ, కుదిరితేగా! చెల్లెలొచ్చి తిన్నావా అన్నయ్యా అంది, కూతురొచ్చి తిన్నావా నాన్నా అంది, భార్య ఏకంగా పళ్ళెం తెచ్చి ఒళ్ళో పెట్టింది. లాడ్జి గదిలో అన్నం ఇంత రుచిగా ఉంటుందని ఆయనకి ఆ రోజే తెలిసింది. అక్కడున్న రెండు రాత్రులూ వదినా ఆడపడుచుల కబుర్లు తెగలేదు. నిద్ర మాత్రం టైలరమ్మకి ఇంకా బాకీయే. తెల్లారకుండానే ఆడపడుచు "వదినా, సూర్యుడొస్తున్నాడు, లే!" అని కుదిపేసింది. లేపిందని టైలరమ్మ విసుక్కోనూ లేదు.

ఆడపడుచు తిరుగు బస్సు ఎక్కింది. వీళ్ళు కొండ కింద ఊళ్ళో, మేడమీది గదిలోనే పడుకుని, మర్నాడు మలుపులన్నీ ఎక్కి గేటు వెయ్యకముందే అడవి చేరారు. గెస్టుహౌసు చుట్టూ ఆకాశాన్నంటే చెట్లు. గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. "పొద్దున్నే బండి వస్తుంది, ఏనుగులు నీళ్ళకి దిగే చోటికి తీసుకెళ్తారు" అన్నాడు గైడు. టైలరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, అలిసిపోయి పెందలాడే పడుకుంది.

పొద్దున రంగులాయనకి మెలకువ వచ్చింది. అలవాటు ప్రకారం "ఏమోయ్, లే, టీ..." అనబోయి, పక్కకి చూశాడు. ఆమె నోరు కొద్దిగా తెరిచి, ఒక చెయ్యి మంచం బయటికి వేలాడేసి, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. ఆయన ఆమెని అలా చూడడం ఎన్నాళ్ళయిందో. అసలు చూశాడో లేదో. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, కుర్చీ తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

గైడు వచ్చాడు. "సార్, బండి రెడీ! త్వరగా..."

"ష్! నెమ్మదయ్యా బాబూ. మా ఆవిడ పడుకుంది."

"బండి ఆగదు సార్."

"ఆగొద్దు. పోనీ."

పక్క గదిలోంచి కూతురు జుట్టు ముడేసుకుంటూ వచ్చేసరికి బండి మలుపు తిరిగిపోయింది. "నాన్నా! ఏనుగులు..."

"సాయంత్రం ఇంకో బండి ఉందటలే. ఏనుగులు ఎక్కడికీ పోవు."

ఎండ వరండాలోకి వచ్చింది. ఆయన కాళ్ళ మీదికి వచ్చింది. పనిమనిషి చీపురుతో వస్తే చేతులు జోడించి వెనక్కి పంపాడు. ఎప్పటికో లోపల మంచం కిర్రుమంది. తలుపు తోసుకుని టైలరమ్మ బయటికొచ్చింది. చెంప మీద దిండు ముడతలు, కళ్ళనిండా కంగారు.

"అయ్యయ్యో, ఇంత ఎండెక్కిందా! బండి వెళ్ళిపోయిందా? మీరు నన్ను లేపలేదేం?"

"ఎవరూ లేపకూడదన్నావుగా."

ఆమె ఆయన కేసి చూసింది. తలుపుకి అడ్డంగా ఉన్న కుర్చీని చూసింది. ఏనుగుల కోసం ఇంత దూరం వచ్చి ఈ మనిషి తెల్లారింది మొదలు ఇక్కడే కూర్చున్నాడని అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది. నీళ్ళు ఆగలేదు, మళ్ళీ తుడుచుకుంది.

"నిద్ర బాగా పట్టిందా?" అన్నాడాయన.

"పట్టిందండీ. ఏం నిద్రండీ అది! నా జన్మలో అలా పడుకోలేదు." ఆవులిస్తూ చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది. "ఇంకాసేపు పడుకుంటాను."

"పడుకో."

టైలరమ్మ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. రంగులాయన కుర్చీ మళ్ళీ అడ్డంగా లాక్కుని కూర్చున్నాడు.